లస్కరు, కళాసీ, సరంగు: ఏలూరు కాలువ మీద సరుకు పడవవాడి బతుకు

ఉంగుటూరు పరిసరాల్లో మూడు దారులు ఇంచుమించు పక్కపక్కనే సాగుతాయి. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద లారీలు, విజయవాడ–రాజమండ్రి రైలు మార్గం మీద బొగ్గు వ్యాగన్లు, వాటికి తోడుగా చప్పుడు లేని ఏలూరు కాలువ. రైలు కంటే కాలువ వయసులో పెద్దది. ఒకప్పుడు మోతలో కూడా తనే పెద్ద. ఇప్పుడు దాని మీద కదిలేది గుర్రపుడెక్క.

ఈ కాలువ మీద షట్టర్లు ఎత్తి దించే నీటిపారుదల శాఖ చిరుద్యోగిని లస్కరు అంటారు. వంతు నీళ్లు రాకపోతే రైతు వెతుక్కుంటూ వెళ్లేది అతని దగ్గరికే. పారశీకంలో లష్కర్ అంటే సైన్యం. పోర్చుగీసు, ఇంగ్లీషు ఓడల వాళ్ల నోళ్లలో నలిగి అదే మాట తూర్పు దేశాల నావికుడికి పేరైంది. రైల్వేలో కళాసీ కూడా మొదట ఓడ మనిషే. పాపికొండల లాంచీ నడిపే సరంగు పేరు పారశీక సేనాని ‘సర్హంగ్’ నుంచి వచ్చింది. మాటలు ఓడ దిగి కాలువ గట్టెక్కాయి, రైలు పట్టాలెక్కాయి. మరి ఆ పేర్లు మోసిన మనుషుల సంగతేమిటి? ఈ కాలువలు తవ్వించిన కాటన్ దొర విగ్రహం లేని ఊరు డెల్టాలో అరుదు. కాలువ మీద బియ్యం బస్తాలు మోసిన పడవవాడి బతుకును ఒకచోట పేర్చి చూస్తే ఎలా ఉంటుందన్నదే ఇక్కడి విషయం.

బొగ్గు ఓడల కొలబద్ద

మన పడవవాణ్ణి పోల్చి చూడాలంటే, సరుకు మోసే సామాన్య నావికుడి గురించి లోకంలో బాగా నమోదైన కథ ఇంగ్లండు తూర్పు తీరానిది. న్యూకాజిల్, సండర్లాండ్ రేవుల్లో బొగ్గు ఎక్కించుకోవడం, తీరం వెంబడి దక్షిణానికి సాగడం, లండన్‌లో థేమ్స్ నది మీద దించడం, ఖాళీ ఓడ తేలిపోకుండా ఇసుకో కంకరో నింపుకుని తిరిగి రావడం అతని పని. లండన్ పొయ్యిలకు ఆ ఓడలే దిక్కు. చలికాలపు ఉత్తర సముద్రం అతన్ని ఎంత రాటుదేల్చేదంటే, యుద్ధం వచ్చినప్పుడల్లా నౌకాదళం మనుషులు బలవంతాన పట్టుకుపోవడానికి ముందు ఇతన్నే వెతికేవారు. పసిఫిక్ మహాసముద్రాన్ని గాలించిన జేమ్స్ కుక్ ఓనమాలు దిద్దుకున్నది విట్‌బీ రేవు బొగ్గు ఓడల్లో. అతను ఎక్కి వెళ్లిన ఎండెవర్ కూడా మొదట బొగ్గు మోతకు కట్టిన ఓడే.

ఓడ దాకా బొగ్గు చేర్చిన మరో తెగ కూడా ఉంది. టైన్ నది మీద కీల్ అనే చదునైన పడవల్లో ఒక్కో దఫాకు 21 టన్నుల బొగ్గు తెచ్చి, పారలతో ఓడలోకి ఎగజిమ్మినవాళ్లు. మన కాలువ పడవవాడికి దగ్గరి చుట్టం ఈ కీల్‌మన్. ముసలివాళ్లకు, విధవలకు నీడగా వీళ్లు తమ కూలిలోంచి తలా కొంత వేసుకుని 1701లో న్యూకాజిల్‌లో ఒక ఆశ్రమం కట్టుకున్నారు. 1822లో వారాల తరబడి సమ్మె చేశారు. రేవు గట్టు నుంచి బొగ్గు నేరుగా ఓడలోకి జారే తొట్లు రావడంతో వాళ్ల పని పోతూ వచ్చింది.

ఏలూరు సీమలో బొగ్గు నావికుడు లేకపోవడానికి కారణం తేలికైనదే. తెలుగు నేల బొగ్గు గోదావరి లోయలోనే ఉన్నా, పడవెక్కే అవసరం దానికి రాలేదు. 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1889 నాటికి తవ్వకం, రైలు రెండూ అక్కడికి చేరాయి. సింగరేణి బొగ్గు పుడుతూనే రైలెక్కింది. పడవకు మిగిలినవి బియ్యం, వడ్లు, ఉప్పు, బెల్లం, పొగాకు, కట్టెలు, కలప.

రెండు నదుల నీళ్లు కలిసే ఊరు

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. చిత్రమేమిటంటే టైన్ నది ఒడ్డున జారోలో ‘జాన్ బోస్’ అనే ఆవిరి బొగ్గు ఓడ నీళ్లలోకి దిగింది కూడా 1852లోనే. తెరచాప ఓడ నెల పైగా చేసే పనిని అది అయిదారు రోజుల్లో ముగించి, అక్కడి పాత నావికుడి అంతానికి తెర లేపింది. అదే ఏడు ఇక్కడ గెడకర్ర పడవకు కొత్త దారి తెరుచుకుంది.

ఆర్థర్ కాటన్ దృష్టిలో కాలువంటే సేద్యపు నీరు మాత్రమే కాదు, రవాణా కూడా. రైళ్ల మీద పోసే డబ్బులో కొంత పడవ కాలువల మీద పెడితే దేశానికి మేలని ఆయన జీవితమంతా వాదించాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ ముందు కూడా అదే పాట పాడాడు. గోదావరి మీదుగా నాగపూర్ సీమ పత్తిని సముద్రానికి దించాలన్న ఎగువ గోదావరి పథకం ఎంతో ఖర్చయ్యాక 1871లో ఆగిపోయింది. దుమ్ముగూడెం ఆనకట్ట దాని గుర్తు. దిగువన మాత్రం కాటన్ కల పారింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి కాలువలకు, కృష్ణ కాలువలకు ఏలూరు దగ్గర ముడి పడింది.

నేటి జలమార్గం కొలతల ప్రకారం కాకినాడ కాలువ 50 కి.మీ., విజ్జేశ్వరం నుంచి విజయవాడ దాకా ఏలూరు కాలువ 139 కి.మీ., కృష్ణ దాటాక కొమ్మమూరు కాలువ 113 కి.మీ. పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువ అందుకుంటే మద్రాసుకు మరో 316 కి.మీ. మొత్తం 600 కి.మీ. పైచిలుకు దారి. సముద్రం మొహం చూడకుండానే కాకినాడ సరుకు మద్రాసు చేరే ఏర్పాటు ఇది. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం 1876–78 ధాత కరువులో కూలీల చేత తవ్వించిందే.

ఈ దారిలో పడవవాడికి మాత్రమే తెలిసే ఒక మర్మం ఉంది. విజ్జేశ్వరం నుంచి గోదావరి నీరు ఏలూరు వైపు పారుతుంది. బెజవాడ నుంచి కృష్ణ నీరు కూడా ఏలూరు వైపే పారుతుంది. అంటే ఏ దిక్కు నుంచి వచ్చినా ఏలూరు దాకా దిగుడు, ఏలూరు దాటితే ఎక్కుడు. నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఉంగుటూరు, భీమడోలు మీదుగా వాలుకు హాయిగా వచ్చిన పడవ, ఏలూరు నుంచి బెజవాడకు ఏటికి ఎదురీదాలి. తిరుగు ప్రయాణంలోనూ అంతే, సగం సుఖం, సగం కష్టం.

గెడ, తాడు, లాకు

వాలుకు వచ్చేటప్పుడు చుక్కాని పట్టుకున్నవాడు మెలకువగా ఉంటే చాలు. పైరగాలి అనుకూలంగా తగిలితే తెరచాప ఎత్తేవారు. అసలు పని ఎదురు నీటిలో మొదలవుతుంది. పడవ ముక్కు దగ్గర నిలబడి పొడవాటి వెదురు గెడను కాలువ అడుక్కి దించి, దాని పైకొనను భుజం గుంతలో ఆనించి, ఒళ్లంతా ముందుకు వంచి, పడవ అంచు పలక మీద వెనక్కి నడుచుకుంటూ పోతాడు మనిషి. నిజానికి అతను వెనక్కి నడుస్తుంటే అతని కాళ్ల కింద పడవ ముందుకు జరుగుతుంది. చివరికి చేరాక గెడ పీక్కుని, మళ్లీ ముక్కు దగ్గరికి వచ్చి, మళ్లీ దించాలి. రోజంతా ఇదే నడక. గెడ ఆనే చోట భుజం కాయ కాస్తుంది.

నీటి ఉరవడి ఎక్కువైతే గెడ చాలదు. ఇద్దరు గట్టెక్కి, పడవ స్తంభానికి కట్టిన తాడును ఛాతీకి అడ్డంగా వేసుకుని లాగాలి. గట్టు మీద తుమ్మ ముళ్లు, పిల్ల కాలువల తూములు, వానకు జారే నల్లరేగడి. నందమూరు దగ్గర ఎర్రకాలువ కిందుగా, ఏలూరు కాలువ పైగా పోయే అక్విడక్టు ఉంది. వర్షాకాలంలో కింద వరద హోరెత్తుతుంటే పైన కట్టు మధ్య నిలిచిన నీళ్లలో పడవ పోవడం ఎంత సాహసమో ఎర్రకాలువ వరద చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

తర్వాత లాకులు. కాలువ మట్టం మారిన ప్రతిచోటా పక్కన రాతి గది, దానికి రెండు వైపులా తలుపులు. పై ఊరికి పోయే పడవ కింది తలుపుల్లోంచి గదిలోకి వస్తుంది. వెనక తలుపులు మూస్తారు. పై తలుపుల్లోని చిన్న షట్టర్లు ఎత్తితే నీళ్లు నురగలు కక్కుతూ గదిలోకి దూకుతాయి. పడవ గోడకు కొట్టుకోకుండా నలుగురూ గెడలతో అదిమి పట్టాలి. చూస్తుండగానే బస్తాల పడవ మనిషెత్తు పైకి లేస్తుంది. రెండు వైపులా మట్టం సమానమయ్యాక తప్ప ఆ బరువైన తలుపులు కదలవు. తలుపు తెరిచేవాడు లస్కరు, రుసుము చీటీ చూసేవాడు లాకు గుమస్తా. వరసలో ముందు ఎవరి పడవ పోవాలన్న తగువు రోజూ ఉండేదే. లాకు దగ్గర ఆగిన పడవల కోసం వెలిసిన టీ కొట్లు, పూటకూళ్లు డెల్టాలో కొన్ని చిన్న సెంటర్లకు పునాది.

వంట పడవలోనే. వెదురు తడికల కప్పు కింద మట్టి పొయ్యి, కుండలో అన్నం, ఎండుచేప పులుసు. నిద్ర బస్తాల మీద. పడవలోంచే స్నానం, పడవలోంచే తాగునీరు. కలరా కాలంలో డెల్టా ఊళ్లన్నీ కాలువ నీటికి భయపడేవి. కాలువ మీదే కాపురమున్నవాడికి ఆ భయం రెట్టింపు.

ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. రైతుకు అది కోతల తర్వాతి విరామం, పడవవాడికి పస్తు కాలం. పడవను గట్టుకు లాగి, పలకల సందుల్లో నార కూరి, గుగ్గిలం పూసి, మళ్లీ నీళ్లు వదిలే రోజు కోసం ఎదురు చూడటమే. పడవ ఆసామిదైతే కూలి కూడా ఆగిపోతుంది. సేద్యానికీ పడవకూ మధ్య ఇంకో పేచీ ఉంది. చివరి భూములకు నీరందాలంటే కాలువ ఉరవడిగా పారాలి. పడవకైతే నిండుగా, నిదానంగా ఉండాలి. ఈ పంచాయితీలో ఓట్లున్న రైతే గెలిచాడు.

లెక్కకెక్కిన పడవ, ఎక్కని మనిషి

ఇంగ్లండు సామాన్య నావికుడి కథ ఇంత వివరంగా దొరకడానికి కారణం కాగితం. 1835 చట్టం తర్వాత ఓడ ఎక్కే ప్రతి నావికుడి పేరు, వయసు, ఊరు, జీతం ఒప్పంద పత్రంలో రాయాల్సి వచ్చింది. అంతకు ముందే, 1815లో టైన్, వేర్ నదుల నావికులు ఓడకు ఇంతమంది మనుషులుండాలని సమ్మె చేసి రేవులు స్తంభింపజేశారు. కుళ్లిన ఓడలకు బీమా చేయించి మనుషుల్ని సముద్రంలోకి తోస్తున్న యజమానుల మీద శామ్యూల్ ప్లిమ్సాల్ 1873లో పుస్తకం రాసి, 1876లో ఓడ పక్కన బరువు గీత చట్టంలోకి తెప్పించాడు.

మన కాలువలకూ చట్టం ఉంది. 1890 నాటి మద్రాసు కాలువలు, బల్లకట్ల చట్టం. అది ప్రధానంగా చూసింది పడవ నమోదు, లైసెన్సు, రుసుము, కాలువ గట్టు భద్రత. గెడ వేసేవాడి కూలి, పని గంటలు, ప్రమాదంలో పోతే పెళ్లాం పిల్లల గతి అందులోకి రాలేదు. పడవకు నంబరు పడింది, మనిషికి పడలేదు. తరతరాలుగా ఈ పని అగ్నికుల క్షత్రియులు, పల్లీలు, వాడబలిజలు వంటి నీటి వృత్తుల కులాలది. కొల్లేటిలో వడ్డీలది. పని కులానిది అనుకున్నచోట నేర్పరితనానికి విడిగా ధర కట్టే అలవాటు తక్కువ.

తెలుగు సినిమా కూడా ఒక రకం పడవవాణ్ణే చూసింది. 1964లో ఆదుర్తి సుబ్బారావు ‘మూగమనసులు’లో అక్కినేని నాగేశ్వరరావు వేసిన గోపి రేవు దాటించే పడవవాడు. 1973 నాటి బాపు ‘అందాల రాముడు’ భద్రాచలం లాంచీ యాత్ర. రెండింటిలోనూ పడవ మీద మనుషులుంటారు, ప్రేమ ఉంటుంది, పాట ఉంటుంది. వంద బస్తాల బియ్యం, లాకు దగ్గర రుసుము, ఎండిన కాలువ కనిపించవు.

కోరంగి నుంచి రంగూన్ దాకా

కాలువ పడవవాడికి ఒక పెద్దన్న ఉండేవాడు, సముద్రం మీద. నరసాపురం పక్క మాధవాయిపాలెంలో 17వ శతాబ్దంలోనే ఓడలు కట్టేవారు, ఇంగ్లీషు కంపెనీ అక్కడ కోఠీ పెట్టింది. తర్వాతి కాలంలో ఆ పేరు కోరంగిది. 1789 డిసెంబరు ఉప్పెన, 1839 నవంబరు ఉప్పెన ఆ రేవును ఊడ్చేశాయి. తుపానుకు సైక్లోన్ అని పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి ఉప్పెనను తన పుస్తకంలో ప్రస్తావించాడు. కాలువలో మునిగితే ఈది గట్టెక్కవచ్చు. సముద్రపు పనిలో ఊరే మునిగింది.

కోరంగి పోయినా పేరు నిలిచింది. రంగూన్‌లో తెలుగు కూలీలందరినీ కోరంగీలనేవారు. కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఆవిరి ఓడల డెక్కు మీద కూర్చుని వెళ్లి, రంగూన్ రేవులో ఓడల్లోకి బియ్యం ఎత్తినవాళ్లు, ఓడల్లోంచి సరుకు దించినవాళ్లు వీళ్లే. కూలి పెంచమని 1930 మేలో ఆ రేవు కూలీలు సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. రాజీ కుదిరి తెలుగువాళ్లను మళ్లీ పిలిచి, కొత్తగా వచ్చిన బర్మావాళ్లను పొమ్మనడంతో మే 26న ఊచకోత మొదలైంది. ప్రాణాలు పోయినవాళ్లలో ఎక్కువమంది తెలుగు కూలీలు. న్యూకాజిల్ కీల్‌మన్‌లా మన నీటి కూలీ జట్టుగా నిలబడి సమ్మె చేసిన ఘట్టాల్లో పెద్దది పరాయి రేవులో జరిగింది, దాని ఫలితం ఇదీ. కాలువ మీద పడవకు నలుగురేసి మనుషులు చొప్పున చెదిరి ఉంటే జట్టు కట్టడం ఇంకా కష్టం.

పడవ దిగిన కాలం

1893లో బెజవాడ, గోదావరి మధ్య రైలు నడిచింది. 1900లో గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన తెరిచారు. అయినా పడవ వెంటనే చావలేదు. స్టేషన్ లేని ఊళ్ల ధాన్యాన్ని మిల్లుకు చేర్చేది, మిల్లు బియ్యాన్ని స్టేషనుకు చేర్చేది పడవే. 1960–61లో కూడా బకింగ్‌హాం కాలువ మీద 1,237 పడవలు రెండు లక్షల టన్నులకు పైగా సరుకు మోశాయి. అసలు దెబ్బ లారీది. అది పొలం గట్టు దాకా వస్తుంది, లాకు దగ్గర ఆగదు, వేసవిలో కట్టేయరు. 1960లు, 70లలోని తుపానులు బకింగ్‌హాం కాలువను పూడ్చడంతో మద్రాసు దారి మూసుకుపోయింది. కాలువ మీద పడవ ఎత్తు చూడకుండా కట్టిన వంతెనలు మిగతా పని పూర్తిచేశాయి.

2008లో కేంద్రం కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణ నదుల భాగాలను కలిపి 1,078 కి.మీ. మేర 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించింది. దాని మీద పోవాల్సిన సరుకుల జాబితాలో బియ్యం, సిమెంటుతో పాటు బొగ్గు కూడా ఉంది. 2017 అక్టోబరులో ముక్త్యాల–విజయవాడ నది భాగానికి శంకుస్థాపన జరిగింది. ఏలూరు కాలువ వంతు వచ్చేసరికి చిక్కులన్నీ ఎదురొస్తాయి. కురచ వంతెనలు, వేసవి కట్టుబడి, గట్ల మీద ఇళ్లు, కాలువలోకి వదిలే మురుగు. పథకం పత్రాలు బార్జీ లోతు, వెడల్పు లెక్కించాయి. బార్జీ మీద ఎవరు పని చేస్తారు, వాళ్లకు ఏం ముడుతుందన్నది అంత వివరంగా చర్చకు రావాల్సి ఉంది.

నదుల మీద ఈ ప్రశ్న ఎంత ఖరీదైనదో 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు చూపించింది. పర్యాటకుల పడవ సుడిలో మునిగి, 26 మందే బయటపడ్డారు. ఆ తర్వాత మాటలన్నీ లైసెన్సులు, లైఫ్ జాకెట్లు, కంట్రోల్ రూముల చుట్టూ తిరిగాయి. 1917 నాటి లోతట్టు నౌకల చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. అందులో సిబ్బంది అర్హత, శిక్షణ, ధ్రువపత్రాలకు చోటు దొరికింది.

డెల్టా బియ్యానికి నీటి బంధం పూర్తిగా తెగలేదు. గోదావరి జిల్లాల మిల్లుల బియ్యం లారీల మీద కాకినాడ చేరుతుంది. లోతు చాలక దూరంగా లంగరు వేసిన ఓడల దగ్గరికి యాంకరేజి రేవు నుంచి ఇప్పటికీ బార్జీలే మోస్తాయి. కీల్‌మన్ చేసిన పని ఇదే, బొగ్గు బదులు బియ్యం.

ఇంకా దగ్గర్లో చూడాలంటే ఉంగుటూరు నుంచి నైరుతిగా కొల్లేటి వైపు దిగాలి. తాటి మొద్దు తొలిచిన దోనెల మీద వడ్డీలు వలలు వేసిన నీళ్లలో చాలా భాగం చేపల చెరువులైంది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట అభయారణ్యంలోని గట్లు కొట్టేసినా, దాని చుట్టుపక్కల చెరువుల సాగు ఆగలేదు. పొద్దున్నే అక్కడ చెరువులోకి ఒక పడవ బయలుదేరుతుంది. అందులో మిల్లు తవుడు, నూనె చెక్క నింపిన సంచులు. సంచుల అడుగున చిల్లులు. పడవ మీది కూలీ గెడ వేసుకుంటూ నీళ్లలో పాతిన కర్ర దగ్గరికి పోతాడు, సంచి కట్టి దించుతాడు, చిల్లుల దగ్గర చేపలు మూగుతుంటే తర్వాతి కర్ర వైపు గెడ దించుతాడు. సంచులన్నీ అయ్యాక ఖాళీ పడవను గట్టుకు కట్టేసి, సైకిలెక్కి పక్క చెరువుకు పోతాడు.